చాకలి గుర్తున్న కోటు

ఉప్పు వండి జైలుకెళ్ళినవాళ్ళు గడ్డాలు పెంచుకుని ఒక్కొక్కరే ఏలూరు తిరిగొస్తున్న రోజులవి. స్టేషనులో వాళ్ళ మెడల్లో పడుతున్న పూలదండలు చూస్తే, జైలుకెళ్ళని పెద్దమనుషులకి మెడ దురద పెట్టేది. జైలు అక్కర్లేని దేశసేవ ఏదైనా ఉందా అని వెతగ్గా వెతగ్గా వాళ్ళకి నీతి దొరికింది. నీతిని కాపాడేవాడికి లాఠీదెబ్బ తగలదు, మధ్యాహ్నం కునుకు చెడదు, పైగా పక్కింటి సంగతులన్నీ ఉచితంగా తెలుస్తాయి. అలా మా నీతి సంఘం పుట్టింది.

అధ్యక్షులు ఒక ప్లీడరుగారు. ఆయన గొంతు సవరించుకుంటే తమ్మిలేరు అవతల గట్టున మేసే గేదెలు తలెత్తేవి. ఉపాధ్యక్షులు పెన్షను పుచ్చుకుంటున్న తాసీల్దారుగారు. ఉద్యోగంలో ఉన్నంతకాలం సంతకం తప్ప మరేమీ చెయ్యలేదు గనక ఆయన పనికోసం మహా ఆకలి మీద ఉండేవారు. మూడోవారు తాడేపల్లిగూడెంలో బియ్యపు మిల్లున్న షావుకారుగారు. ప్రతి శనివారం రైల్లో వచ్చి, ఏలూరు నీతిని కాపాడి, సాయంత్రం బండికి వెళ్ళిపోయేవారు. గూడెం నీతిని ఎవరు కాపాడుతున్నారని మేమెవరమూ అడగలేదు. నా చేతిరాత ముత్యాల్లా ఉంటుందని ఎవరో పుకారు పుట్టించడం వల్ల నన్ను కార్యదర్శిని చేశారు.

మా కన్ను కాలవగట్టు మీది ఒక పెంకుటింటి మీద పడింది. ఆ ఇంటావిడ ఒకప్పుడు బందరు దాకా పెళ్ళిళ్ళలో పాడిన మనిషి. పెళ్ళిళ్ళలో భోగంమేళాలు మాన్పించాలని ఊళ్ళో తీర్మానాలు జరిగాక ఆవిడ పాట ఆగిపోయింది. ఇంటికి వచ్చేవాళ్ళు మాత్రం ఆగలేదు. భోజనాలయ్యాక, ఊరంతా గురక పెట్టే వేళకి వెళ్ళేవారు. మా ప్రాంతంలో పాపం పగటిపని. రాత్రయితే ఇల్లాళ్ళు గడియకి అడ్డంగా పక్క వేసుకుంటారు.

ఈ రాకపోకల వల్ల కొంపలు మునుగుతున్న మాట అబద్ధం కాదు. మా వీధిలోనే ఒకావిడకి వరసగా ముగ్గురు బిడ్డలు పుట్టిన నెలలోపే పోయారు. దిష్టి అన్నారు. ఆస్పత్రి డాక్టరుగారు మాత్రం, ఆ దిష్టిని ఆవిడ భర్తే ఎక్కణ్ణుంచో తెచ్చాడన్నట్టుగా నేలకేసి చూశారు. ఆ భర్త మా సంఘానికి క్రమం తప్పని చందాదారు.

ఎవరెవరు వెళుతున్నారో ముందు తెలుసుకోవాలన్నారు షావుకారుగారు. ప్లీడరుగారు చెయ్యి అడ్డం పెట్టారు. "పేర్లు రాయకూడదు. పరువునష్టం దావా పడుతుంది. కట్టిన బట్టలు మాత్రం రాయండి. బట్టల మీద దావా లేదు."

అంతటి తెలివి భూమ్మీద మరో ప్లీడరుకి ఉండదని అందరం ఒప్పుకున్నాం. కాపలా పని తాసీల్దారుగారు తీసుకున్నారు. కొల్లేటి నుంచి చేపలు తెచ్చే పడవ ఒకటి ఆ ఇంటి ఎదురుగానే ఆగేది. ఆయన అందులో చేపల గంపల వెనకాల కూర్చుని నోటుపుస్తకం రాసేవారు. నాలుగు రోజులు తిరిగేసరికి ఏలూరు పిల్లులన్నీ ఆయన వెంట ఊరేగింపుగా ఇంటిదాకా నడిచేవి. నీచు వాసనే గిట్టని వాళ్ళావిడ, "ఏ లంకలో ఎవరింట భోంచేసి వస్తున్నారండీ" అని అడిగి, కంచం పెరట్లో వేసిందని విన్నాను. సంఘం పని రహస్యం గనక ఆయన సమాధానం చెప్పలేదు. తరువాత చెప్పినా ఆవిడ ఈనాటికీ నమ్మలేదు. నిజానికి నేనూ సగమే నమ్మాను.

మొదటి వారం పుస్తకం చదువుతుంటే కళ్ళు జిగేలుమనేవి. జరీ కండువాలు, సిల్కు లాల్చీలు, కిర్రుచెప్పులు, వెండిపొన్ను కర్రలు. రెండోవారానికి రాత మారిపోయింది. మోకాలి దగ్గర ఆగిపోయిన పంచె. మణికట్టు దాటి వేళ్ళ మీదికి జారిన చొక్కా. గుమాస్తా కోటు. తపాలాబంట్రోతు ఖాకీ. ఒకరోజు ఏకంగా పురోహితుడి పట్టుపంచె, దానికింద బూట్లు.

ప్లీడరుగారు ఆ వివరాలు విని ఆనందంతో కళ్ళు తుడుచుకున్నారు. "చూశారా, ధనవంతులు బాగుపడ్డారు. పాపం పేదవాళ్ళలోకి దిగిపోయింది." పేద గుమాస్తాల పతనం గురించి ఆయన గంటన్నరసేపు ఉపన్యసించారు. ఆ సభలో పేద గుమాస్తాని నేనొక్కణ్ణే. అందరూ ఆ గంటన్నరా నాకేసే చూశారు.

తరువాత శనివారం మేం నలుగురం గొడుగులు వేసుకుని ఆ ఇంటికి హితబోధకి వెళ్ళాం. ఆవిడ మమ్మల్ని చూసి కంగారుపడలేదు. చాప పరిచి, తమలపాకుల పళ్ళెం ముందుకు తోసింది. ప్లీడరుగారు పళ్ళెం కేసి చూడకుండా మాట్లాడారు. ఆవిడ ఓపిగ్గా మొత్తం విన్నది.

"అయితే ఏవండీ, ఈ మాట నాకు చెబుతున్నారా, వచ్చేవాళ్ళకి చెబుతున్నారాండీ?"

"నీకే. ఊరు పాడైపోతోంది."

"పాట మాన్పించింది తమరే గదండీ. పాట వినేవాళ్ళు వెళ్ళిపోయారు. పాట అక్కర్లేనివాళ్ళు మిగిలారు. ఇప్పుడు వాళ్ళని కూడా నేనే పంపెయ్యాలాండీ?"

షావుకారుగారు జవాబు కోసం గోడలకేసి చూస్తుండగా ఆయనకి కొక్కేనికి వేలాడుతున్న తెల్ల డ్రిల్లు కోటు కనపడింది.

"ఇదెవరిది?"

"ఎవరిదని అడిగే అలవాటు మా ఇంట్లో లేదండి. మొన్నొకాయన వదిలేసి వెళ్ళారు."

ప్లీడరుగారు కాలరు తిరగేశారు. లోపల జీడిగింజ సిరాతో చాకలి పెట్టిన గుర్తుంది. రెండు నిలువు గీతలు, ఒక చుక్క, కింద కొక్కెం. కోటు జప్తు చేశాం. నా చేతిలో పెట్టారు. కాలవగట్టు నుంచి మా ఇంటిదాకా ఆ కోటు పట్టుకుని నడిచిన అరమైలులో నా పరువు ఎంత తరిగిపోయిందో, పుట్టాక ఎప్పుడూ అంత తరగలేదు.

ఇక ఆ వారం ఏలూరులో జరిగింది ఎవరూ నమ్మరు. సంఘంవారు చాకలి గుర్తును బట్టి మనిషిని పట్టుకుంటారన్న వార్త కోడికూత కంటే ముందు ఊరంతా పాకింది. మర్నాటికల్లా పెద్దబజారులో గుర్తున్న గుడ్డ కనపడలేదు. కొందరు పంచె కొసలు కత్తిరించుకున్నారు. కొందరు అప్పుడే కొట్లోంచి తెచ్చిన గంజిబట్టలు కట్టి, నడుస్తుంటే అప్పడాల్లా చప్పుడు చేశారు. ఒక స్కూలు ఇన్‌స్పెక్టరు చొక్కా కాలరే తీసేసి వచ్చాడు. మా సంఘం సమావేశంలో కూడా ముగ్గురి ఉత్తరీయాలకీ మూలలు లేవు. ఒకరి మూల ఒకరు చూసుకున్నారు. ఊళ్ళో చాకలి గుర్తు దాచుకోకుండా తిరిగిన మగవాడు ఒక్కడే మిగిలాడు. దాచుకోవాలన్న ఊహే రాలేదు గనక ఆయనే దొరికిపోయాడు.

ఆయన మిషను స్కూలులో లెక్కల మేష్టారు. ఎండిన జనపకట్టెకి కళ్ళజోడు పెట్టినట్టుండేవారు. బోర్డు మీద రాస్తుండగా ఆయన చొక్కా అంచున రెండు గీతలూ, చుక్కా, కొక్కెమూ కనపడ్డాయని ఒక కుర్రాడి తండ్రి వచ్చి చెప్పాడు. ప్లీడరుగారు ఆ సాయంత్రమే స్కూలు మేనేజరు దొరగారికి ఉత్తరం చెప్పి రాయించారు. ముత్యాల్లాంటి చేతిరాతతో రాసింది నేనే. దొరగారు మేష్టార్ని పిలిచి, సంఘం ఆ మాట వెనక్కి తీసుకోకపోతే సోమవారం నుంచి స్కూలుకి రానక్కర్లేదన్నారట. ఉద్యోగం పోతే స్కూలువారిచ్చిన ఇల్లూ ఖాళీ చెయ్యాలి. ఇద్దరు పిల్లలు.

శుక్రవారం మధ్యాహ్నం మేష్టారూ, ఆయన భార్యా మా వీధి అరుగు మీద కూర్చుని ఉన్నారు. ఆవిడది గూడెం. ఉత్తరం సంగతి తెలిసిన రోజునే పిల్లల్ని తీసుకుని రైలెక్కి పుట్టింటికి వెళ్ళిపోయిందట. ఒక రాత్రి ఉండి మళ్ళీ వచ్చేసింది.

"ఆ కోటు చాకలికి వేసి పదిరోజులైందండి, ఇంటికి తిరిగి రానేలేదు," అన్నారు మేష్టారు. "అడిగితే చాకలి నేలచూపులు చూస్తున్నాడు. తమరొక్క మాట సాయం చెయ్యాలి."

ఆవిడ మధ్యలో అందుకుంది. "ఆయన మాట పక్కన పెట్టండి. మగవాళ్ళు చెప్పేవి విని విని నా చెవులు అరిగాయి. నేను చూసి నమ్మే మనిషినండి. ఆ కోటు ఓసారి తెచ్చి ఇవ్వండి."

తెచ్చి ఇచ్చాను. మిషను బళ్ళో కుట్టుపని నేర్చిన మనిషి, ఆ కోటు తనే కుట్టింది. వెలుతురు కేసి పట్టుకుని, జబ్బుపడ్డ బిడ్డ ఒళ్ళు చూసినట్టు చూసింది. రెండు చంకల కిందా కుట్టు విచ్చి, ఇటుకంత కన్నాలు. వీపు మాత్రం చెక్కుచెదరలేదు. ఒక గుండీ లేదు. ఆవిడ మొగుడికేసి తిరిగి, కోటు ఆయనకి తొడిగింది. ఎవరి పొట్టకో సాగిపోయిన ఆ కోటు లోపల మేష్టారు గంటలో నాలికలా ఊగారు.

"చేతులు పైకెత్తండి." ఎత్తారు. "ఊపిరి పీల్చండి. ఇంకా." ఆయన పీల్చగలిగినంత పీల్చారు. కోటుకి తెలియనైనా తెలియలేదు.

ఆవిడ కోటు విప్పించి, మడిచి, ఒళ్ళో పెట్టుకుంది. అప్పుడు ఏడ్చింది. మేష్టారు ఏంచెయ్యాలో తెలియక కళ్ళజోడు తుడుచుకున్నారు.

నేను తమ్మిలేటి రేవుకి వెళ్ళాను. చాకలి నన్ను చూసి బండ మీద పంచెని ఇంకా గట్టిగా బాదాడు. వాడి భార్య మోకాలిలోతు నీళ్ళలో నిలబడి ఉంది.

"కోటు ఎవరికిచ్చావు?" అన్నాను.

"నేనెవరికీ ఇవ్వలేదండి."

"ఇవ్వకుండా కోటు తనంతట తానే కాలవగట్టుకి నడిచెళ్ళిందా?"

జవాబు ఆమె చెప్పింది. "పెళ్ళికని ఒకరిబట్ట ఇంకొకరికి ఇవ్వడం మా తాతలనాటి నుంచీ ఉందండి బాబూ. తవరి పెళ్ళికి తవరు కట్టిన పట్టుపంచె ఎవరిదో తవరికి తెలుసాండీ? ఇప్పుడు పెళ్ళిళ్ళు లేకపోయినా ఇమ్మంటున్నారు. సంఘంవారు బట్టలు రాసుకుంటున్నకాడి నుంచీ పెద్దిళ్ళకి పేదోళ్ళ బట్టలు కావాలి. మేం లేదంటామా?"

"ఎవరు ఇమ్మన్నారు?"

"పేరు చెబితే రేపట్నుంచి మా గాడిద వీపున మూట ఉండదండి. చెప్పకపోతే మేష్టారి పిల్లలు రోడ్డున పడతారు. నేనేం చెయ్యనండి? తవరే చెప్పండి."

ఆమె నిజంగానే అడిగింది. రేవులో ఆరేసిన బట్టలు చూస్తూ తిరిగొచ్చాను. ఊరి పాపమంతా ఒకరి బట్టల్లో ఇంకొకరు చేస్తున్నారనీ, దాన్ని తాసీల్దారుగారు ముత్యాలకోవలా రాసుకుంటున్నారనీ అప్పుడు బోధపడింది. పేదవాళ్ళలోకి దిగింది పాపం కాదు, పెద్దవాళ్ళే పేదవాళ్ళ చొక్కాల్లోకి దిగారు. అప్పట్నుంచి నాకు దారిలో ఎదురైన ప్రతి పెద్దమనిషినీ వాడి బట్టకి సరిపోతున్నాడా లేదా అని చూడ్డం అలవాటైంది. చాలామంది సరిపోలేదు.

శనివారం సమావేశంలో మేష్టారి సంగతి ఎత్తాను. షావుకారుగారు వినలేదు. "ఉత్తరం వెనక్కి తీసుకుంటే సంఘం పరువేం కానూ?" తాసీల్దారుగారు తలాడించారు. ప్లీడరుగారు, చాకలి ఒప్పుకోనంతవరకూ గుర్తే సాక్ష్యమన్నారు. అంతలో మేష్టారి భార్య గుమ్మంలోకి వచ్చి నిలబడింది. మా సంఘం సమావేశానికి ఆడమనిషి రావడం అదే మొదలు. అందరూ ఉత్తరీయాలు సర్దుకున్నారు.

ఆవిడ లోపలికొచ్చి, కోటు బల్ల మీద పరిచింది. రెండు కన్నాలూ పైకి కనపడేలా చేతులు చాపి పెట్టింది. ఆ కోటు బల్ల మీద వెల్లకిలా పడుకుని దణ్ణం పెడుతున్నట్టుంది.

"ఏవండీ, మా వారిని తమరంతా చూసే ఉంటారు. బయట నిలబెట్టాను, మళ్ళీ కావాలంటే పిలుస్తాను. ఈ చంకలు ఆయన చింపగలరేమో తమరే చెప్పండి."

తాసీల్దారుగారు నోటుపుస్తకం మూసేశారు.

"ఎవరు తొడిగారని నేనడగనండి. నాకు తెలియక్కర్లేదు. తొడిగినవారు దయచేసి కుట్టించి పంపండి, చాలు. మావారికి రేపు ఉదయం ప్రార్థనకి వేసుకోవడానికి వేరే కోటు లేదండి." ఆగింది. "కుట్టించడానికి దర్జీకి ఆది కావాలి గదా. తమరిలో ఒకాయన ఓసారి తొడిగి చూపిస్తే నేనే ఆది తీసుకుంటానండి."

ఆ క్షణంలో నేను సభ కేసి చూశాను. ఆ రోజుల్లో ఎనిమిది మణుగులకి తక్కువ తూగేవాణ్ణి ఏలూరులో పెద్దమనిషిగా ఎవరూ లెక్కలోకి తీసుకునేవారు కాదు. ప్లీడరుగారు తొమ్మిది. తాసీల్దారుగారు పది. షావుకారుగారు కూర్చుంటే కుర్చీ కనపడేది కాదు, ఆయన గాలిలో తేలుతున్నట్టుండేవారు. ముగ్గురూ ఆ చంకల కన్నాలకేసి, తరువాత ఒకరి చంకలకేసి ఒకరు చూసుకున్నారు. మూడు జతల చేతులు నెమ్మదిగా ఒంటికి అతుక్కుపోయాయి. వాళ్ళలో ఎవరు దోషో నాకు ఇప్పటికీ తెలియదు. ముగ్గురూ అయినా ఆశ్చర్యపోను.

"విచారణకి ఇంకొక వాయిదా వేస్తే..." అని మొదలుపెట్టారు తాసీల్దారుగారు.

"వాయిదా వేస్తే కోటు తొడిగి చూడాలి గదండీ," అన్నాను నేను. "అధ్యక్షులవారితో మొదలుపెట్టమంటారా?"

ప్లీడరుగారు గొంతు సవరించుకోలేదు. ఈ ఆరోపణ పొరపాటున జరిగిందనీ, ఉత్తరం వెనక్కి తీసుకుంటున్నామనీ తీర్మానం ఆయనే చెప్పారు. షావుకారుగారు ఆమోదించారు. మా సంఘం చరిత్రలో ఒక్క గొంతుతో నెగ్గిన తీర్మానం అదొక్కటే. మూడు సంతకాలూ పడి సిరా ఆరకముందే షావుకారుగారు బండి వేళయిందని లేచిపోయారు. బండికి ఇంకా రెండు గంటలుంది.

నేను సైకిలెక్కి ఆ కాగితం దొరగారికిచ్చాను. దొరగారు చదివి, వచ్చీరాని తెలుగులో అడిగారు. "అయితే కోటు ఎవరు వేసుకున్నాడు?"

"సంఘానికి తెలియదండి."

"సంఘంలో ఎవరికి తెలుసు?"

నేను నా సైకిలు బెల్లు కేసి చూశాను. ఆయన కలం తీశారు. మేష్టారు సోమవారం ఎప్పట్లాగే రావచ్చని ఒక చీటీ రాసి, దానిమీద తన ముద్ర వేసి నా చేతికిచ్చారు.

చీటీ తీసుకుని మేష్టారింటికి వెళ్ళేసరికి ఆవిడ వసారాలో కూర్చుని కోటు చంకలు తనే కుడుతోంది. మేష్టారు బనీనుతో పక్కన కూర్చుని దారం అందిస్తున్నారు. చీటీ చదివి ఆయన లోపలికెళ్ళిపోయారు. ఆవిడ కళ్ళతో ఒక్కొక్క అక్షరం తడిమి, చీటీని బైబిలులో పెట్టింది.

"కూర్చోండి, మజ్జిగ తాగి వెళ్ళండి," అంది. నేను కూర్చోబోతుంటే, "ఒక్క నిమిషం, ఓసారి అటు తిరిగి నిలబడండి," అంది.

నిలబడ్డాను. కోటు నా వీపుకి ఆనించి, ఒక భుజం నుంచి రెండో భుజం దాకా జేనతో కొలిచింది. గోడ మీది బల్లి కూడా ఊపిరి బిగబట్టిందనుకుంటాను. నాకు తెలిసి నేనే తప్పూ చెయ్యలేదు, అయినా చంకలు బిగించుకున్నాను.

"మీరు కాదులెండి," అంది చివరికి. "మీ భుజాలు కోటు కంటే బెత్తెడు ఎక్కువ. మీరు తొడిగుంటే వీపు కూడా చిరిగేది."

నా నడవడికకి ఈ జన్మలో దొరికిన సర్టిఫికెట్టు అదొక్కటే. మారుమాట్లాడకుండా పుచ్చుకుని, మజ్జిగ తాగి వచ్చేశాను.